ఎనిమిది ఎవరు పెట్టారు?

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. అది అబద్ధం. ముక్కు దాకా పోయేంత ఓపిక దానికి లేదు, నాలుక మీదే ఉంటుంది. ఆ నాలుకే ఒక బుధవారం పొద్దున నుంచి సాయంత్రం దాకా నా ఉద్యోగాన్ని గాలిలో వేలాడదీసింది. ఇప్పుడు తలుచుకుంటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వొస్తుంది గానీ, ఆ రోజు నా ముఖం చూసినవాళ్లెవరూ నవ్వే ధైర్యం చేయలేదు, మా అత్తగారు తప్ప.

మాది తమిళనాడులో వేలూరు దగ్గరి గుడియాత్తం, ఇంట్లో మాట తెలుగు. బజారు వీధిలో మాకు లుంగీలు, వేష్టీల అంగడి ఉంది, వేష్టీలంటే పంచెలు. పెళ్లికి ముందు చెన్నైలో కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేదాన్ని. పెళ్లయ్యాక కూడా కొన్నాళ్లు రోజూ రైలెక్కి వేలూరు పోయి అదే పని చేశాను. ఇంతలో మామగారికి పక్షవాతం వచ్చి మంచాన పడ్డారు. మా ఆయనకు జోలార్పేటలో రైల్వే ఉద్యోగం. అంగట్లో అత్తగారికి తోడు కూర్చునే మనిషి కావలసి వచ్చింది. నేను మానుకున్నాను. మధ్యలో మామగారు కాలం చేశారు, పిల్లలు హైస్కూలుకు వచ్చారు, పదకొండేళ్లు ఎటు పోయాయో తెలియదు. లుంగీ అంచును వేళ్లతో తడిమి అది ఏ నూలో చెప్పేంతదాన్నయ్యాను. అదేమీ తక్కువ విద్య కాదు. అయినా అంగడికి వచ్చిన కాలేజీ పిల్లలు ప్రోగ్రాముల గురించి మాట్లాడుకుంటుంటే, గుడ్డ మడతపెట్టడం మరిచిపోయి వినేదాన్ని. ఆ పని మీద నాకు అంత ఆశ ఉండేది.

చివరికి వేలూరులో ఒక చిన్న ఆఫీసు వాళ్లు నన్ను పిలిచారు. మా ఊరి లుంగీ వ్యాపారులు కొందరు కలిసి ఫోన్‌లో పనిచేసే యాప్ ఒకటి చేయించుకుంటున్నారు. అందులో గళ్లు, రంగులు, అంచులు చూసి ఎంచుకుంటే ఆ నమూనా నేరుగా మగ్గం దగ్గరికి పోతుంది. లుంగీల సంగతి తెలిసిన మనిషి వాళ్లకు కావాలి. ప్రోగ్రాముల సంగతి నాకు ఇంకా గుర్తుందా అన్నదే వాళ్ల అనుమానం. "మూడు నెలలు చూస్తామమ్మా. చివర్న వ్యాపారులకు యాప్ చూపించాక ఏదో ఒక మాట చెప్తాను" అని మేనేజరు సారు మొదటి రోజే తేల్చేశారు. ఆ చూపించే రోజు ఒక గురువారం పడింది. యాప్ తెరుచుకుంటే ఉంటాను, లేకపోతే మళ్లీ గుడ్డ మడతలు.

నాతో పనిచేసే అబ్బాయిది కాట్పాడి. ఇంట్లో మాట్లాడేది తమిళమే. అయితే అక్కడి యూనివర్సిటీలో నాలుగేళ్లు చిత్తూరు పిల్లలతో ఒకే గదిలో ఉండి తెలుగు నేర్చుకున్నాడు, ఆ సంగతి అతనికి మహా గర్వం. నేను పొరపాటున తమిళంలో మాట్లాడితే "అక్కా, నాకు తెలుగు బాగా వచ్చు" అని గుర్తు చేసేవాడు. అర్థం కాని మాట వస్తే అడిగేవాడు కాదు, తలూపేవాడు. నేనూ అతని తెలుగుకు పరీక్షలు పెట్టలేదు.

యాప్‌లో నా భాగం జావా అనే భాషలో ఉంటుంది, అతని భాగం కోట్లిన్ అనే కొత్త భాషలో ఉంటుంది. మనం రాసిన దాన్ని కంపైలర్ అనే ప్రోగ్రాము యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మారుస్తుంది. ఏ వర్షన్ యంత్రానికి సరిపోయేలా మార్చాలో ఒక అంకె రాసి దానికి చెప్పాలి. దాన్నే టార్గెట్ అంటారు. ముఖ్యమైన సంగతేమిటంటే, రెండు భాగాలకూ ఆ అంకె ఒకటే ఉండాలి. రెండు ముక్కలు కలిపి కుట్టే లుంగీలో ఒక ముక్క జానెడు పొడుగుంటే టైలరు ఎలా వెనక్కి విసిరేస్తాడో, ఇదీ అంతే.

నేను సోమ, బుధవారాలు ఇంటి నుంచే పనిచేసేదాన్ని. ఇల్లంటే అంగడే. వెనకాల బీరువా పక్కన చిన్న బల్ల వేసుకుని కూర్చునేదాన్ని. ఆ బుధవారం పొద్దున మొత్తం యాప్‌ను ఒక్కటిగా కట్టడానికి మీట నొక్కాను. తెర ఎర్రబడింది. జావా వైపు పదిహేడు ఉంది, కోట్లిన్ వైపు ఎనిమిది ఉంది, రెండూ పొసగవు అని దాని గొడవ. ఇంతేనా అనుకుని అతని ఫైల్లో ఎనిమిదిని పదిహేడు చేసి పంపాను. కాఫీ తాగి వచ్చి చూస్తే మళ్లీ ఎనిమిది. నేనే సరిగా పంపలేదేమో అనుకుని ఇంకోసారి మార్చాను. ఇడ్లీ తినేలోగా మళ్లీ ఎనిమిది. మూడోసారి కూడా అదే జరిగాక, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపించే జాబితా తెరిచాను. మూడుసార్లూ మార్చింది ఆ అబ్బాయే. పక్కన ఇంగ్లీషులో "అక్క చెప్పినట్టే" అని మూడుసార్లూ రాసిపెట్టాడు కూడా.

నా ఒళ్లు మండిపోయింది. వెంటనే ఫోన్ చేశాను.

"ఏమప్పా, నేను పదిహేడు పెడతా ఉంటే నువ్వు మళ్లీ మళ్లీ ఎయిట్ పెడతా ఉండావే, ఏం కథ?"

"మీరే గదక్కా ఎయిట్ పెట్టమన్నారు. అంతా ఒకటే ఉండాలన్నారు."

"నేనా? నేను యాడ చెప్పినాను?"

"సోమవారం ఫోన్‌లో చెప్పినారక్కా. మీ ఫైల్ మీరు మార్చుకుంటారని నేను ముట్టుకోలేదు. నా దాంట్లో ఎవరో సెవెంటీన్ పెడతా ఉండారు, ఎవరని చూడలా, నేను సరిచేస్తా ఉండా."

"ఆ ఎవరో నేనే!" అని అరిచి ఫోన్ పెట్టేశాను.

ఎదురుగా వేష్టీ కొంటున్న ఒకాయన ఉలిక్కిపడి వేష్టీ కింద పడేశాడు. నాకు ఒకటే ఆలోచన. ఈ పిల్లవాడు ఇంత పచ్చి అబద్ధం ఎందుకు ఆడుతున్నాడు? రేపు యాప్ తెరుచుకోకపోతే తప్పు నా నెత్తిన వేయాలనా? పదకొండేళ్ల తర్వాత వచ్చిన ముసలి అక్కకు ఏమీ తెలియదని చెప్పాలనా? నిజం చెప్పాలంటే కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది. ఇది పోతే నన్ను ఇంకెవరూ పిలవరు.

అత్తగారు ఆ వేష్టీ ఆయన్ను సాగనంపి నా దగ్గరికి వచ్చారు. చేతిలో కత్తెర అలాగే ఉంది.

"ఏమైందమ్మా, ఊరంతా వినబడేట్టు అరస్తా ఉండావు?"

నేను జరిగిందంతా చెప్పాను. సోమవారం ఫోన్‌లో ఏమన్నానో అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాను. "టార్గెట్ ఎట్ట పెట్టేదో చూసి పెట్టు, అన్ని చోట్లా ఒకటే ఉండాల. ఇంతే గదత్తా నేను చెప్పింది! దీంట్లో ఎయిట్ యాడుండాది?"

అత్తగారు కత్తెర బల్ల మీద పెట్టారు. పెదవి కొరుక్కున్నారు. తర్వాత భుజాలు కదిలాయి. ఆ తర్వాత వేష్టీ కట్టల మీద చతికిలబడి, పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు.

"వాడు తమిళం పిల్లోడు గదా?"

"అవును, అయితే?"

"నువ్వు ఎట్ట అనింటావు, వానికి ఎట్టు అని వినబడింటాది! ఎట్టు పెట్టు!"

నేను నెత్తి కొట్టుకున్నాను. మా తెలుగులో ఎట్ట అంటే ఎలా అని. తమిళంలో ఎట్టు అంటే ఎనిమిది. పైగా సోమవారం మా వీధిలో ఎన్నికల బండి మైకు పెట్టుకుని తిరుగుతోంది, ఆ హోరులో నేను గొంతు చించుకుని మాట్లాడాను. ఆ హోరును దాటుకుని అతని చెవిలో పడినవి "టార్గెట్", "ఎట్టు", "పెట్టు", "అన్ని చోట్లా ఒకటే". పాపం, అన్ని చోట్లా ఒకటే ఉండాలని అక్క గట్టిగా చెప్పింది కదా అని మూడుసార్లు నాతో యుద్ధం చేశాడు.

"నాకు తెలీదా ఈ కథ" అని అత్తగారు కళ్లు తుడుచుకున్నారు. "నువ్వు కోడలుగా రాకముందు, ఎలక్షన్ల టైములో కట్చి కరై వేష్టీలకు ఆర్డరు పెట్టాలని తమిళం మగ్గాలాయనకు ఫోన్ చేసినా. కట్టలు ఎట్ట పంపిస్తారప్పా, లారీలోనా రైల్లోనా అని అడిగినా. ఆయప్ప సరి సరి అనేసి ఎనిమిది కట్టలు పంపించేసినాడు! అదీ ఒకే కట్చివి. ఆ కట్చి ఓడిపాయ."

ఇన్నేళ్లు ఆ ఇంట్లో ఉండి నేను ఈ కథ వినలేదు. మేం పార్టీని కట్చి అంటాం, పంచె అంచును కరై అంటాం. గెలిచిన పార్టీ అంచు పంచెలు పూల దండల్లా అమ్ముడుపోతాయి, ఓడినదాని అంచును ఆ ఏడాదికి ఎవరూ ఒంటి మీద వేసుకోరు. "అన్ని వేష్టీలు ఏం చేసినారత్తా?" అని అడిగాను. తలగడలకు గలీబులు కుట్టారట. గెలిచిన పార్టీ వార్డు మెంబరు ఒకాయన మామగారి కోసం వచ్చి, ఎండ దెబ్బకు సొమ్మసిల్లితే తెలియక ఆ తలగడ మీదే పడుకోబెట్టారట. కళ్లు తెరిచి ఆ అంచు చూసి మళ్లీ కళ్లు మూసుకున్నాడట. అది వినేసరికి నా భయం సగం ఎగిరిపోయింది.

ఆ అబ్బాయికి మళ్లీ ఫోన్ చేశాను. ఎత్తగానే "సారీ అక్కా" అన్నాడు, ఎందుకో అతనికే తెలియదు. నేను విషయం చెప్పాను. ఎట్ట, ఎట్టు అని రెండుసార్లు గొణుక్కున్నాడు. తర్వాత చిన్నగా అన్నాడు, "అక్కా, ఎట్ట అంటే హౌ అనా? మా రూమ్‌లో వాళ్లు ఎట్లా అంటారక్కా, లా ఉంటాది."

"మా అంగట్లో లా ఉండదప్పా."

ఇద్దరం ఒకేసారి నవ్వాం. ఆ నవ్వుతోనే పని మొదలుపెట్టాం. ఇక అంకె వచ్చిన ప్రతిసారీ సెవెంటీన్, పదినేళు, పదిహేడు అని మూడు భాషల్లో వేలంపాటలాగా అరుచుకున్నాం. అంకెను ఒకే ఒక చోట రాసి, మిగతా ఫైళ్లన్నీ అక్కడి నుంచే తీసుకునేలా మార్చాం. పాత వర్షన్‌తో తయారైన ముక్కలన్నీ తుడిచేశాం. మీట నొక్కాను.

మళ్లీ ఎరుపు. ఇంకెక్కడో ఒక ఎనిమిది దాక్కుని ఉంది.

"నా దాంట్లో లేదక్కా, ఒట్టు" అన్నాడు. ఒకప్పుడైతే ఆ మాటకు మళ్లీ అరిచేదాన్నే. ఈసారి వెతికాను. అంచులకు రంగులు వేసే చిన్న భాగం ఒకటుంది. అందులో దొరికింది. అది నా ఫైలే. వేలూరులో పనిచేసిన రోజుల నాటి పాత ప్రోగ్రాము నుంచి పదిలంగా దాచుకుని తెచ్చి అతికించాను, దాంతో పాటు అప్పటి అంకె కూడా వచ్చేసింది. దాన్ని పెట్టమని నాకెవరూ చెప్పలేదు. మైకూ లేదు, తమిళమూ లేదు. తప్పు పూర్తిగా నాది. చెంపలేసుకుని ఆ ఎనిమిదిని తీసేశాను.

ఈసారి తెర పచ్చగా వచ్చింది. ఫోన్‌లో యాప్ తెరుచుకుని లుంగీ గళ్లు కనబడగానే నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. బయట టీ కొట్టు దగ్గర ఇంకా ఎండ ఉంది. అత్తగారు యాప్‌లో ఆకుపచ్చ గళ్ల లుంగీ ఒకటి నొక్కి చూసి, "ఈ రంగు చాయ తక్కువుండాది" అని వంక పెట్టారు. నిజమే, తక్కువే ఉంది. దాన్ని కూడా సరిచేశాను.

మర్నాడు వేలూరు ఆఫీసులో మా ఊరి వ్యాపారులు ఐదుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. కుడివైపు ఇద్దరిది ఒక కరై, ఎడమవైపు ముగ్గురిది ఇంకో కరై. యాప్ తెరుచుకుంది. అంచుల పేజీ రాగానే, తమ కట్చి అంచు ముందు ఎందుకు లేదని కుడివైపు వాళ్లు అడిగారు. అక్షరాల వరసలో పెట్టామని మా అబ్బాయి వినయంగా చెప్పాడు. అక్షరాలు కూడా ఆ కట్చికే పనిచేస్తున్నాయా అని ఒక పెద్దాయన అనగానే రెండు వైపులా నవ్వులే. పోయేటప్పుడు ఐదుగురూ యాప్‌ను తమ ఫోన్లలో వేయించుకునే పోయారు.

వాళ్లు పోయాక మేనేజరు సారు తలుపు మూశారు. ముందురోజు మార్పుల జాబితా ఆయన ముందు తెరిచి ఉంది. ఎనిమిది, పదిహేడు, ఎనిమిది, పదిహేడు అని అది కుస్తీ పట్టులా ఉంది. "ఎనిమిది ఎవరు పెట్టారు?" అని తమిళంలో అడిగారు.

జాబితాలో మూడుసార్లూ ఉన్నది ఆ అబ్బాయి పేరే. నేను ఊరుకుంటే సరిపోయేది. నా మూడు నెలలు ఆ రోజుతో ముగుస్తున్నాయి.

"నేనే సార్" అన్నాను. అదే క్షణంలో పక్కనుంచి "నేనే సార్" అని అతనూ అన్నాడు.

ఎట్ట, ఎట్టు కథంతా చెప్పాను. నా పాత ఫైల్లోని ఎనిమిది గురించి కూడా దాచకుండా చెప్పాను. సారు చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయారు, నవ్వాపుకోవడానికని తర్వాత తెలిసింది. "ఇకపై అంకెలు నోటితో చెప్పకూడదు, రాసి పంపాలి" అన్నారు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "సోమవారం నుంచి పర్మనెంటు. కోపం మాత్రం ఇంట్లో పెట్టి రండి" అన్నారు.

వేలూరు పక్కనే ఉన్న కాట్పాడి స్టేషన్‌లో రైలెక్కబోతూ అత్తగారికి ఫోన్ చేశాను. "ఉంచుకున్నారత్తా" అన్నాను. "ఏ రైలుకు వస్తా ఉండావు?" అని మాత్రం అడిగి ఫోన్ పెట్టేశారు. లత్తేరి స్టేషన్ దాటేదాకా కిటికీ పక్కన కూర్చుని నాలో నేనే నవ్వుకుంటుంటే ఎదురు సీటులో ఉన్నావిడ పిల్లను దగ్గరికి లాక్కుంది.

గుడియాత్తంలో దిగేసరికి ప్లాట్‌ఫారం మీద అత్తగారు నిలబడి ఉన్నారు. ఎన్నికల వేళ, బేరాలు ముమ్మరంగా ఉన్న సాయంత్రం, అంగడి మూసేసి వచ్చారు. నేను దగ్గరికి పోగానే నా చేతిలోని సంచి లాక్కున్నారు.

"ఆ పొద్దు నీ మామ మంచాన పడినప్పుడు ఉద్యోగం మానుకోమ్మా అని అడిగింది నేనే" అన్నారు. "నువ్వు ఒక్క మాట అనకుండా మానుకున్నావు. అరిచింటే బాగుండునమ్మా. అన్నిటికీ అరిచేదానివి దానికి మాత్రం అరవలేదు. పదకొండేండ్లుగా నువ్వు గుడ్డ మడతపెట్టేటప్పుడల్లా నాకు అదే గుబులు."

 ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. స్టేషన్ మెట్లు దిగేదాకా ఇద్దరం నవ్వుతూనే ఏడ్చాం.