చేతులు ఎనక్కి కట్టుకున్న మేడం

ఆ పొద్దు ఎల్లారెడ్డిల బస్సు ఎక్కిన్నుంచే నాకు భయం పట్టుకున్నది. పరీక్షలకు గూడ నాకు గట్ల కాలె. పరీక్షల తప్పితె నేనొక్కదాన్నే తప్పుత, మళ్ళ రాసుకుంట. ఇయ్యాల నా నోట్లకెళ్లి మాట తప్పొస్తె పొయ్యేది మా మేడం నౌకరి.

కామారెడ్డిల డిగ్రీ చదువుతున్నప్పుడు మాకు కెమిస్ట్రీ చెప్పిన మేడం ఆమె. పర్మనెంటు గాదు, గెస్టు లెక్చరరు. ఎండకాలం వచ్చిందంటె, మళ్ళ తీసుకుంటరో లేదో అని ఆమెకు రంది. ఆ యేడు యూనివర్సిటోళ్ళు ఒక కొత్త ముచ్చట తెచ్చిండ్రు. డిగ్రీ పిల్లలతోని పరిశోధన చేయించే సార్లను, మేడంలను గుర్తించి సన్మానం చేస్తరట. మా ప్రిన్సిపాల్ సారు మా మేడం పేరు పంపిండు. "ఆ గుర్తింపు వస్తె వచ్చే ఏడు గూడ ఈమెనే ఉంచాలె అని నేను గట్టిగ అడగొచ్చు. రాకుంటె నా చేతుల ఏం లేదు" అని మా ముంగటనే అన్నడు. సూడుండ్రి, గా మాట పిల్లలకు చెప్పచ్చునా? అప్పటిసంది నాకు బుక్క లోపటికి పోతలేదు.

పరిశోధన అంటె ఏందో గొప్పది అనుకునేరు. మాది బెల్లం ముచ్చట. కామారెడ్డిల బెల్లానికి తక్కువేం లేదు గని, వానలు పడంగనే ఇంట్ల పెట్టిన బెల్లం కారుతది, బూజు పడతది. దేంట్ల పెడితె ఎక్కువ దినాలు గట్టిగుంటది అన్నది మా ప్రశ్న. పెద్ద గడ్డను పలగ్గొట్టి మోదుగాకుల కొంత, గోనెసంచిల కొంత, ప్లాస్టిక్ కవర్ల కొంత, మట్టికుండల కొంత పెట్టినం. గట్లనే ఒక వరస మా ఇంట్ల, ఒక వరస కాలేజీల. ఈ పనిల నా జోడీ పిల్లది జుక్కల్, హాస్టల్ల ఉండేది. ఇంట్ల కన్నడం, మాతోని తెలుగు, ఎవ్వరితోనన్న మర్యాద. వారం వారం కాంటా మీద జోకి ఎంత తేమ పట్టిందో చూసుడు మా ఇద్దరి పని.

మేడం పని ఏందంటె, చేతులు ఎనక్కి కట్టుకొని నిలబడుడు. ఎక్కువ చేసి చెప్తలేను, నిజం. మేం కాంటా కాడ తికమక పడుతుంటె వచ్చి మా ఎనక నిలబడేది. "ఇది గిట్లనేనా మేడం?" అంటె, "నువ్వేమనుకుంటున్నవ్?" అనేది. నాకు చిర్రెత్తేది. తెలిసినామె చెప్పొచ్చు గద, నోట్లకెళ్లి ముత్యాలు రాలుతయా అనుకునేదాన్ని. ఒకపారి నా చేతులకెళ్లి గాజు గిన్నె జారింది. పక్కకే ఉండి గూడ ఆమె చెయ్యి ముంగటికి తేలె. పలిగినంక చీపురు ఏడున్నదో చెప్పింది.

గిట్ల నడుస్తుండంగ ఒక ఆదివారం మా మామ వచ్చిండని అవ్వ పప్పు, బెల్లం పూర్ణం పెట్టి పోలెలు చేసింది. బెల్లం ఏడిది అంటె, మా పరిశోధన కుండలది. నేను లబలబ మొత్తుకున్న. "బెల్లం ఉన్నది తినెతందుకా, సూసుకుంట కూసునెతందుకా?" అన్నది మా అవ్వ. పోలెలు మాత్రం మంచిగున్నయ్, అబద్ధమెందుకు. తెల్లారి కాలేజీల ఏడుపు మొఖం పెట్టుకొని మేడంకు చెప్పిన. "పోయిన వారం తూకం చూసి అందాజ లెక్క ఏద్దాం తియ్" అన్నది నా జోడీ. మేడం చేతులు ఎనకనే ఉన్నయ్. "మీరేమనుకుంటున్నరు?" అని బయటికి పోయింది. ఆ పొద్దంత మేమిద్దరం కొట్లాడుకున్నం. ఆఖరుకు, ఈ కుండల బెల్లం ఇంట్ల వాడుకున్నరు, దీని లెక్క పక్కకు పెడుతున్నం అని ఉన్నదున్నట్టు రిపోర్టుల రాసినం. కాలేజీల కుండ ఉన్నది గాబట్టి పని ఆగలె. మేడం అది చదివి మంచిదనలె, చెడ్డదనలె.

యూనివర్సిటీ కమిటీ వచ్చే పొద్దు బాపు నన్ను ఎల్లారెడ్డి బస్టాండు కాడ దింపిండు. "గురువు గురించి అడిగితె నేను, నేను అనకు బిడ్డా. అంత మా మేడం దయ అను. తల కిందికి పెట్టుకొని చెప్పు" అన్నడు. మా దిక్కు పద్ధతే అది. పెండ్లిల వంట మంచిగున్నదని మెచ్చుకుంటె, పొద్దటిసంది పొయ్యి కాడ మాడినోళ్లు గూడ "అంత మీ దయ" అంటరు. పెద్దోళ్ల ముంగట నేనే చేసిన అంటె కండ్లు నెత్తికెక్కినయ్ అంటరు. లింగంపేట దాటేదాక నేను బాపు మాటనే మనసుల అనుకుంట పోయిన.

స్టాఫ్ రూముల ముగ్గురు కూసున్నరు. మేడంను బయట ఉండుమన్నరు. ఆమె వరండాల బెంచి మీద కూసున్నది, కిటికీ పక్కకే. కరెంటు లేదు, ఉక్కపోత, కిటికీ తెరిచే ఉన్నది. ముగ్గుర్ల పెద్ద సారు, "ఈ పనిల మీ మేడం ఏం చేసింది?" అని అడిగిండు.

నా జోడీ లేచి, చేతులు కట్టుకొని, తల వంచింది. "అంత మా మేడమే చేసిండ్రు సార్. మాకేం రాదు. మేం ఊకె పక్కకు నిలబడ్డం."

"తూకం వేసింది ఎవరు?"

"మేడమే సార్."

"రిపోర్టు రాసింది?"

"అదీ మేడమే సార్. ఆమె దయ."

సారు కండ్లద్దాలు తీసి పక్కనున్న కమిటీ మేడం దిక్కు చూసిండు. ఆమె కాగితం మీద ఏందో గీత గీసింది. నాకు అప్పుడు సమజైంది. పెద్దోళ్ళే అంత చేసి పిల్లల పేరు పెట్టిండ్రా, పిల్లలే చేసిండ్రా, గది తేల్చుకునెతందుకు వచ్చిండ్రు వీళ్ళు. నా జోడీ ఒక్కొక్క మర్యాద మాటకు మా మేడం ఇంకింత మునుగుతున్నది. దాని మొఖంల ఎంత భక్తి ఉన్నదో. నాకు దాని చెంప మీద కొట్టబుద్ధయింది, దాని కాళ్ళు పట్టుకొని ఆపబుద్ధయింది.

"నువ్వు చెప్పు" అన్నడు సారు నన్ను.

బాపు నేర్పిన మాట నాలిక మీదనే ఉన్నది. కిటికీలకెళ్లి మేడం కొంగు కనబడుతున్నది. గురువు ఇనంగ గురువును తక్కువ చేసుడు పాపమని నాకు తెల్వదా? తెలిసే అన్న.

"మా మేడం ఏం చెయ్యలె సార్."

బయట బెంచి కిర్రుమన్నది. నా జోడీ నా చెయ్యి గిల్లింది. ఇప్పుడు ఆగితె మళ్ళ నోరు లేవదని, గుక్క తిప్పకుంట చెప్పిన. "కాంటా ముట్టలె. పెన్ను పట్టలె. ఏదడిగినా నువ్వేమనుకుంటున్నవ్ అని మమ్ములనే అడిగింది. చేతులు ఎనక్కి కట్టుకొని నిలబడ్డది సార్, అంతే."

"మరి ఇంట్ల పెట్టిన కుండ లెక్క ఎందుకు లేదు?" అని కమిటీ మేడం అడిగింది.

"మా అవ్వ పోలెలు చేసింది మేడం. అందాజ ఏద్దామా అని కొట్లాడుకున్నం. ఏసుడు తప్పని మేడం గూడ చెప్పలె. మేమే వద్దనుకున్నం."

నా జోడీ మెల్లగ తల లేపింది. "అందాజ ఏద్దామన్నది నేనే సార్. జోకింది గూడ మేమే. కానీ గురువు లేనప్పుడు గూడ మేమే చేసినం అంటె మర్యాద గాదని గట్ల చెప్పిన." సారు నవ్విండో, దగ్గిండో నాకు తెల్వలె. పోండ్రి అన్నడు.

బయటికొచ్చి మేడం మొఖం చూసేటంత ధైర్యం నాకు లేదు. ఒక్కపారి దొంగచూపు చూస్తె కండ్లు ఎర్రగున్నయ్, అన్నీ ఇన్నదని తెలుస్తనే ఉన్నది. "బస్సు యాళ్లయితుంది, పో" అన్నది, గంతే. బస్సుల కిటికీకి తల ఆనిచ్చి ఏడ్చిన. ఇంటికి పోంగనే బాపు, "మంచిగ చెప్పినవా?" అని అడిగిండు. చెప్పిన అన్న. ఏం చెప్పిననో మాత్రం చెప్పలె, చెప్తె ఆయన తినే అన్నం ఆపి లేస్తడు.

తర్వాత దినాలు ఎట్ల గడిచినయో నాకే తెలుసు. మేడం క్లాసుకు వచ్చేది, పాఠం చెప్పేది, పోయేది. ఆ ముచ్చట ఎత్తలె. గుర్తింపు రాకుంటె నా నోటితోనే ఆమె నౌకరి తీసినట్టు. వచ్చినా, ఏం చెయ్యలె అన్న మాట ఆమె మనసుల ఉండనే ఉంటది. రెండు దిక్కుల నాకు రందే. అడుగుదామని ఎన్నో పార్లు స్టాఫ్ రూము దాక పోయి, గడప కాడికెళ్లి మర్లి వచ్చిన.

గుర్తింపు వచ్చింది. కాలేజీ హాల్ల సన్మానం పెట్టిండ్రు. బాపు గూడ తెల్లంగి ఏసుకొని వచ్చిండు, నా పక్కకు కూసున్నడు. శాలువ కప్పినంక ప్రిన్సిపాల్ సారు మైకు అందుకొని, వచ్చే ఏడు గూడ మేడం ఈడనే ఉంటదన్నడు. నాకు అప్పుడు ఊపిరి ఆడింది, సగం. మేడం మాట్లాడెతందుకు లేచింది.

"కమిటీ వచ్చిన పొద్దు నేను కిటికీ అవతల కూసున్న" అన్నది. "లోపట ఒక పిల్ల, మా మేడం ఏం చెయ్యలె అని చెప్పింది. ఇన్నేండ్ల నౌకరిల నన్ను గంత మంచిగ ఎవ్వరు మెచ్చుకోలె."

హాలంత చప్పట్లు. నా కండ్లల్ల నీళ్ళు ఆగుతలెవ్వు. బాపుకు మాత్రం కోపమొచ్చింది. నా దిక్కు వంగి, "గురువును పట్టుకొని గట్లెట్ల అన్నది? ఎవలు బిడ్డా ఆ పిల్ల?" అన్నడు.

"నేనే బాపు" అన్న.