మేకులు లేని టెంటు

జోరు గాలివానలో, ఒంటి చేత్తో, పది నిమిషాల్లో టెంటు నిలబెట్టిన మనిషిని నేను. అదీ మోకాలికి ఆపరేషనైన మూడో నెలలో. మా హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో పొద్దున నడకకు వచ్చేవాళ్ళలో ఈ సంగతి నా నోట విననివాడు లేడు.

మేము ఐదుగురం ముసలివాళ్ళం. ఎండైనా వానైనా, ఏటా ఒకసారి ఊరి బయట కొండ కింది చెరువు పార్కుకు పోయి, ఒక రాత్రి టెంట్లలో ఉండి వస్తాం. మాలో పెద్దామె రిటైరైన టీచరు; అందరికీ అక్క. ఆమె పెట్టిన నియమం ఒకటే: ఎవరి టెంటు వాళ్ళే వేసుకోవాలి, ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదు. వేసుకోలేనివాళ్ళకు సాయంత్రం ఆఖరి బస్సు ఉండనే ఉంది.

"ఈ ఏడు మానుకో అప్పా," అంది అక్క నా మోకాలు చూసి.

ఒక్కసారి మానితే మళ్ళీ పోనని నాకు తెలుసు. మందుల వేళలు చూసుకుంటూ సోఫాలో కూర్చునే ముసలాణ్ణి అయిపోతాను. అందుకే నెల రోజులు అపార్టుమెంటు మిద్దె మీద టెంటు వేసి, విప్పి, మళ్ళీ వేశాను. సిమెంటులో మేకులు దిగవు కదా, తాళ్ళు నీళ్ళ ట్యాంకు పైపులకు కట్టేవాణ్ణి.

తీరా చెరువు గట్టున సంచి విప్పితే మేకులు లేవు. నెలంతా వాటితో పని పడలేదు, బయల్దేరేటప్పుడు గుర్తుకూ రాలేదు.

"బస్సు ఐదున్నరకు ఉండాది," అంది అక్క. ఎవరైనా నాకు సాయం వస్తారేమోనని కాపలాగా పక్కనే మడత కుర్చీ వేసుకుని కూర్చుంది.

"కావాలంటే నువ్వెక్కు," అన్నాను.

మోకాలు వంగదు. నేల మీద కూలబడి, పిర్రల మీద జరుగుతూ, రాళ్ళను ఒక్కొక్కటే దొర్లించుకొచ్చి నాలుగు మూలల తాళ్ళూ వాటికి కట్టాను. టెంటు నిలబడింది. బస్సు వెళ్ళిపోయింది. నేను ఉన్నాను.

ఇక ఒప్పుకోవాలి. అది గాలివాన కాదు, తుంపర. పది నిమిషాలు కాదు, గంట పైనే. ఒంటి చెయ్యి కాదు, రెండు చేతులూ, మీదుమిక్కిలి పళ్ళూ. నాలుగు రాళ్ళు మాత్రం నిజం.

ఇంతవరకూ రాసి అక్కకు చదివి వినిపించాను.

"నాలుగో రాయి యాడిదప్పా? మూడే. నాలుగో తాడు నా కుర్చీకి కట్టినావు. నేను లేస్తే టెంటు పడిపోతాదని, నువ్వు గురక పెడతా ఉంటే తెల్లార్లూ ఆ తుంపర్లో కూర్చోనే ఉన్న్యా."