మంచిగుంటడు సార్

మాది ఇబ్రహీంపట్నం దగ్గర ఊరు. మా ఆయన మిలిటరీకెళ్లి వచ్చినకాన్నుంచి క్వారీల బండలు పేల్చిన చప్పుడైతే చాలు, మంచం కిందికి దూరుతడు. వైకల్యం పింఛన్‌కు కండ్లార చూసినోళ్ల సాక్ష్యం కావాలన్నరు. పక్కింటి యాదయ్య తాతను ఆఫీసుకు తోలుకపోయిన. మా ఆయనను మంచం కిందికెళ్లి బయటికి గుంజేది తాతనే.

"ఈయన ఎట్లుంటడు?" ఆఫీసర్ అడిగిండు.

మా ఆయన పక్కనే కూసున్నడు. తాత ఆయన మొకం చూసి, "మంచిగుంటడు సార్. బంగారమసొంటి మనిషి" అన్నడు. ఆఫీసర్ గదే రాసుకున్నడు.

బయటికొచ్చినంక నాకు ఒళ్లు మండింది. "గట్లెందుకు చెప్పినవ్ తాతా?"

"మనిషి ముంగటనే పిచ్చి లేసిందని ఎట్ల చెప్పాలె బిడ్డా?"

ఆటోల ఊరికి వస్తుంటే క్వారీ పేలింది. మా ఆయన సీట్ల సందుల దూరిండు. తాత ఆయన వీపు నిమురుకుంట, "ఏం కాలే బిడ్డా, మంచిగున్నవ్" అంటున్నడు.

అప్పటిసంది ఎవరన్న "మంచిగున్నరా?" అని అడిగితే నేను ముందుగాల మా ఆయన మొకం చూస్త.