సున్నం మానేసిన లోవరాజు

లోవరాజు నాలుగడుగులు వేసి ఆగుతాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, పెదాలు సున్నాలా చుట్టి గాలి వదులుతాడు. కూర్చున్నా అలుపే, లేచినా అలుపే. నలభై ఏళ్లుగా చెరకు పిప్పి మంట ముందు నిలబడి బెల్లం వండిన మనిషి. మరిగే రసంలో ఎంత సున్నం పడాలో ఆయన బొటనవేలి గోరుకే తెలుసు. తమలపాకుకి సున్నం రాసేదీ ఆ గోరే. నోరు ఎప్పుడూ ఎర్రగా పండి ఉండేది.

మొన్న మాఘంలో అనకాపల్లి డాక్టరు ఆయన వేలికి క్లిప్పు మిషను తగిలించి చూసి, ఓపిగ్గా చెప్పాడు. "పొగకి నీ ఊపిరితిత్తులు పాడయ్యాయి తాతా. ఒంట్లో ఆక్సిజన్ తగ్గితే నాలుక నీలబడుతుంది, నీకు తాంబూలం ఎరుపులో అది తెలియడం లేదు. ఆక్సిజన్ చాలకపోతే అక్కడి రక్తనాళాల కణాల్లో చిన్న తలుపులు తెరుచుకుని కాల్షియం లోపలికి దూరుతుంది. నాళాలు బిగుసుకుపోతాయి. ఈ మాత్ర ఆ తలుపులు మూస్తుంది. నువ్వు మాత్రం పొగ దగ్గరికి వెళ్లకూడదు."

"కాల్సియం అంటే ఏటి బాబూ?"

"సున్నంలో ఉండేదే."

లోవరాజుకి అంతా అర్థమైపోయింది. సున్నం ఎక్కువైతే బెల్లం రాయిలా బిగుసుకుపోవడం ఆయన చూడనిదా?

నెల తర్వాత మళ్లీ వచ్చాడు. చొక్కా నిండా పొగ వాసన.

"ఇంకా పొయ్యి దగ్గరే ఉంటున్నావా తాతా?"

"ఉండకపోతే ఎలాగ బాబూ? సున్నం మాత్రం మానేసేను. ఆకు ఉత్తినే నవుల్తన్నాను. కావాలంటే సూడండి," అంటూ లోవరాజు నాలుక బయటపెట్టాడు.

ఎరుపు వెలిసిపోయిన ఆ నాలుక, నేరేడు పళ్లు తిన్నట్టు నీలంగా ఉంది.