కాలర్ పట్టీ

మా ఆయన గోపాలపట్నంలో వెల్డింగు పని చేస్తారు. నిప్పురవ్వ పడితే పాలిస్టర్ కరిగి ఒంటికి అతుక్కుంటుందని పనికి కాటన్ చొక్కా తప్ప తొడుక్కోరు. మా కోడలేమో పెద్ద కంపెనీల పేర్లున్న నకిలీ చొక్కాలు తెప్పించి ఫోన్‌లో అమ్మేది.

ఒకనాడు ముసురుకి ఆయన చొక్కాలు ఆరలేదు. కోడలి కట్టలోంచి ఒకటి తీసి, కాలర్ పట్టీ చదివారు.

"హండ్రెడ్ పర్సెంట్ కాటనంటే! ఇదేసుకెల్లిపోతాను."

"కోడలు తిడతాదండీ" అని నవ్వానంతే.

మధ్యాహ్నానికి ఆసుపత్రిలో ఉన్నాం. చొక్కా కరిగి ఆయన ఛాతీకి అంటుకుపోయింది. నర్సమ్మ బట్ట ఒలుస్తుంటే, "కాటనని రాసుందే!" అని ఆయన ఒకటే కేకలు.

అంతలో కోడలి ఫోన్ మోగింది. ఎలమంచిలి నుంచి ఎవరో ఆవిడ.

"సొక్కా అందిందమ్మా. కాటనే గదా? మా ఆయన కొలిమి పని సేత్తారు."

"వద్దక్కా, తొడగనియ్యకు" అంటూ కోడలు బావురుమంది.

ఆయన కోలుకున్నారు. కోడలు ఆ వ్యాపారం మానేసి, కొన్నవాళ్లందరికీ ఫోన్లు చేసింది. కొన్ని నంబర్లు ఇప్పటికీ కలవడం లేదు. ముసురు పట్టి బట్టలు ఆరని రోజున, అలాంటి చొక్కా ఏ ఇంట్లో ఎవరు తొడుక్కుంటున్నారో అనిపించి నాకు ముద్ద దిగదు.