పడవ ముందు కూర్చున్న పిన్ని

పోయిన గురువారం మా పక్కింటి పిన్ని చనిపోయింది. ఉదయం చేపలు అమ్మి వచ్చి, గంప కడిగి ఎండలో బోర్లించి, అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. అమ్మ మజ్జిగ పట్టుకెళ్ళేసరికి తల గోడకి ఆనుకుని ఉంది. గుండె ఆగిపోయిందన్నారు డాక్టరు గారు.

సాయంత్రం మా వీధి కుర్రాళ్ళు ఫ్లెక్సీ వేయించడానికి వచ్చారు. నేను డిగ్రీలో తెలుగు చదువుతున్నాను కాబట్టి మంచి మాట చెప్పమన్నారు. "త్యాగమూర్తి అని పెట్టేద్దామా?" అన్నాడొకడు. ఏడాది క్రితమైతే ఆ మాట నేనే మురిసిపోతూ ఇచ్చేదాన్ని. ఇప్పుడు వద్దన్నాను. ఎందుకో మీకు చెప్పాలి.

పోయిన వేసవిలో అమ్మనీ పిన్నినీ రాజమండ్రిలోనే ఒక సినిమాకి తీసుకెళ్ళాను. భర్త వదిలేసిన తల్లి, ఆమె కొడుకు కథ. పిన్నిదీ అదే బతుకు. కొడుకు, నేను అన్నయ్యా అని పిలిచేవాడు, చంకలో ఉండగానే భర్త ఊరొదిలి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. పిన్ని ఏడుస్తుందేమోనని రుమాలు కూడా పట్టుకెళ్ళాను. చివర్లో కొడుకుకి సన్మానం జరుగుతుంటే, తల్లి వెలిసిపోయిన చీరలో స్తంభం చాటున నిలబడి కళ్ళు ఒత్తుకుంటోంది. హాలంతా ముక్కులు చీదుతోంది. పిన్ని లేచి నిలబడింది.

"ఆ చాటుకెందుకే ఎల్లావు? ముందుకి రా!"

"కూర్చోండమ్మా, కనపట్టం లేదండి!" అన్నారు వెనకనుంచి ఎవరో.

"నీకు తర్వాత బాబూ, ముందు ఆవిడ కనపడాలి!"

హాలు గొల్లుమంది. పిన్ని నవ్వలేదు. ఆటోలో వస్తూ అంది: "ముందు నిలబడితే తోసేత్తారే. వెనక నిలబడితే మర్చిపోతారు. తోయించుకోడమే నయం."

అది సినిమా మీద కోపంతో అన్న మాట కాదని కార్తీకంలో అర్థమైంది. అప్పటిదాకా ఇంకొకరి పడవ మీద కూలికి వెళ్ళిన అన్నయ్యకి సొంత పడవ వచ్చింది. కొత్త పడవని గోదాట్లోకి దింపేముందు దాని మొనకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొడతారు. ఆ పని భర్తతో కాపురం చేస్తున్న ఆడదే చెయ్యాలని మా వాళ్ళ పట్టింపు. పిన్ని బావగారు తన భార్యని ముందుకి పిలిచారు. "ముత్తయిదువ చెయ్యి పడాలమ్మా. నువ్వు కాస్త పక్కన నిలబడు."

పిన్ని పసుపు గిన్నె అందుకుంది. "ఈ చెయ్యి చేపలు కోత్తే వచ్చిన పడవ బావగారూ. అప్పుడెవరూ పక్కన నిలబడమన్లేదు."

అన్నయ్య కొబ్బరికాయ తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. ఆమె అరచేత్తో మొనంతా పసుపు పులిమి, కాయ కొట్టి, పడవ ఎక్కి, అందరికంటే ముందు చెక్క మీద కూర్చుంది. "ఏంటలా చూత్తన్నారు? తొయ్యండి!" అంది.

పడవ మునగలేదు. ఆ రోజు నేను తీసిన ఫొటోనే ఫ్లెక్సీకి ఇచ్చాను. కింద 'మా పిన్ని' అని తప్ప ఇంకేమీ వద్దన్నాను. ఆమె ఎవరికోసమో కరిగిపోయిన మనిషి కాదు. కొడుకుని పెంచింది, తనూ బతికింది. పులుసులో పులుపు తగ్గితే పోట్లాడింది. ఆరేసిన చీర మీద మా మేక నిలబడితే మేకనీ నన్నూ కలిపి తిట్టింది.

మూడో రోజు అస్థికలు కలపడానికి అదే పడవలో బయలుదేరారు. ఆడవాళ్ళం రేవు మెట్ల మీదే ఉండిపోయాం. అన్నయ్య కుండ పట్టుకుని ఎక్కాడు.

"మధ్యలో పెట్టుకో నాన్నా, ఊగుతాది," అన్నారు వాళ్ళ పెదనాన్న, ఆ రోజు పిన్నిని పక్కన నిలబడమన్నాయనే.

"మా అమ్మ వెనక్కి రాదు పెదనాన్నా."

అన్నయ్య కుండని మొన దగ్గరి చెక్క మీద పెట్టి, కండువాతో కట్టాడు. పెదనాన్న వంగి, తనే పడవని తోశారు. గోదారి నిండుగా ఉంది. మనుషులందరూ వెనక, ఎర్రటి కుండ ఒక్కటీ ముందు. దూరమయ్యేకొద్దీ మనుషులు కలిసిపోయి ఒక్క నల్లటి గీతయ్యారు. కుండ మాత్రం చాలాసేపు కనిపించింది.