ఎవరేం చూశారో అడిగిన ఉత్తరం

నా పేరు మీద రెండు కథలు తిరుగుతున్నాయి. బొబ్బిలిలో చెప్పుకునే కథలో నేను రాత్రికి రాత్రి కంప్యూటర్లన్నీ తుడిచేసి ఊరిని కోర్టు నుంచి కాపాడాను. విశాఖపట్నంలోని మా ప్రధాన కార్యాలయంలో చెప్పుకునే కథలో నేను కోర్టు ఉత్తర్వును ధిక్కరించి సంస్థను ఇరకాటంలో పెట్టాను. రెండూ తప్పే. మొదటి కథ విని దండం పెట్టేవారికీ, రెండో కథ విని మొహం తిప్పుకునేవారికీ విడివిడిగా చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. పైగా అప్పుడు నేను చేసిన ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవారికి ఈ రెండింటిలో ఏదో ఒకటి పాఠంగా చెబుతున్నారని ఈ మధ్యే తెలిసింది. అందుకని జరిగింది జరిగినట్టు ఒకసారి కాగితం మీద పెడుతున్నాను.

కరోనా తగ్గిన తర్వాత రెండో వేసవిలో, పదవీ విరమణకు ఇంకా ఏడాదిన్నర ఉండగా, నన్ను విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాలకు నోడల్ అధికారిగా వేశారు. మాది కేబుల్ టీవీతో మొదలై ఇంటర్నెట్‌లోకి మారిన ప్రైవేటు సంస్థ. నేను స్తంభాలెక్కి కేబుల్ లాగే పనిలో చేరినవాణ్ణి. ఇంటర్మీడియట్ తర్వాత కాలేజీ మెట్లెక్కలేదు. నెట్‌వర్కు పాఠాలూ, ఆ తర్వాత చట్టమూ విజయనగరం గ్రంథాలయంలో ఫ్యాను కింద కూర్చుని నేర్చుకున్నాను. ఈ మాట చెప్పుకోవడం నాకు ఇష్టం, మా ఇంట్లోవాళ్లకు విసుగు.

నోడల్ అధికారి అంటే పోలీసులు, కోర్టులు రాసే ఉత్తరాలకు సంస్థ తరఫున సమాధానమిచ్చే మనిషి. హోదాలో మేనేజరు కంటే కింద. కానీ ఆ సమాధానాల మీద నోడల్ అధికారి సంతకమే చెల్లుతుంది, మేనేజరుది చెల్లదు. ఈ ఏర్పాటు ఎవరు చేశారో గాని, ఇద్దరికీ మనశ్శాంతి లేకుండా చేశారు.

ఆ వేసవి చివర నా బల్ల మీదికి ఒక కట్ట వచ్చింది. ఒక సినిమా నిర్మాణ సంస్థ ఢిల్లీలో దావా వేసింది. వారి కొత్త సినిమా థియేటర్లలో ఆడుతుండగానే కొన్ని సైట్లు దాన్ని దొంగతనంగా చూపిస్తున్నాయి. ఆ సైట్లను ఆపాలని, చూసి పంచినవారి ఆచూకీ ఇప్పించాలని వారి కోరిక. మా వంటి ఇంటర్నెట్ సంస్థలను నామమాత్రపు ప్రతివాదులుగా చేర్చారు. అంటే మా మీద ఆరోపణ ఏమీ లేదు, కోర్టు చెప్పిన పని మాత్రం చెయ్యాలి. సినిమా తీసినవారి నష్టం నిజమైనదే. దాని మీద నాకు ఎప్పుడూ వాదన లేదు.

చూసినవారి ఆచూకీ వారికెలా తెలుస్తుందని చాలామంది అడుగుతారు. ఆ సైట్లలో సినిమా ఒకే చోటు నుంచి రాదు. చూసేవారి యంత్రాలే ముక్కలు ముక్కలుగా ఒకదానికొకటి అందించుకుంటాయి, స్లాబు వేసేటప్పుడు కాంక్రీటు తట్టలు చేతులు మారినట్టు. ఆ వరుసలో సినిమా సంస్థ మనిషి కూడా ఒకడు నిలబడితే చాలు, మిగతావారి ఇంటర్నెట్ చిరునామాలు కనిపిస్తాయి.

కట్టలో కోర్టు ఉత్తర్వు ఉంది. దాని మీద ఆ సంస్థ న్యాయవాదుల ఉత్తరం ఉంది. ఉత్తరం చిన్నది కాబట్టి అందరూ చదివారు. ఉత్తర్వు లావుగా ఉంది కాబట్టి ఎవరూ చదవలేదు. నేను చదివాను. సినిమా సంస్థ ఇచ్చిన జాబితాలోని ఇంటర్నెట్ చిరునామాలు వాడిన చందాదారుల పేరు, ఇంటి చిరునామా సీలు కవరులో కోర్టుకు ఇవ్వమని మాత్రమే అందులో ఉంది. న్యాయవాదుల ఉత్తరంలో అది పెరిగింది. ఫోను నంబర్లు కావాలి, ఆ చందాదారులు గడిచిన మూడు నెలల్లో ఏమేం చూశారో ఆ వివరాలూ కావాలి, అన్నీ నేరుగా తమ ఆఫీసుకే పంపాలి. కోర్టు గిన్నె చాపితే వీరు గంగాళం పట్టుకొచ్చారు.

మా లీగల్ మేనేజరు ప్రసాద్ గారికి ఫోనులో ఈ తేడా చెప్పాను. ఆయన అంతా విని, "అడిగినవన్నీ ఇచ్చేస్తే మన మీదికి ఏ మాటా రాదు కదండీ" అన్నారు. ఉత్తర్వు ఒకసారి చూడమన్నాను. తన దగ్గర ఉత్తరమే ఉందన్నారు. ఉత్తర్వు నాకు పంపింది ఆయనే.

జాబితాలో మా ప్రాంతానికి చెందినది ఒకే ఒక్క చిరునామా, బొబ్బిలిది. కానీ ఒక చిరునామా అంటే ఒక ఇల్లు కాదు. ఇంటర్నెట్ చిరునామాలు చాలవు కాబట్టి మా వంటి సంస్థలు ఒక్కోదాన్ని వందల ఇళ్లకు పంచుతాయి. ఒకే డోరు నంబరున్న పెద్ద లోగిలిలో చాలా కాపురాలు ఉన్నాయనుకోండి. ఉత్తరం ఎవరికో తెలియాలంటే వాటా నంబరు కూడా కావాలి. ఆ వాటా నంబరును మా భాషలో పోర్టు అంటారు. పోర్టు, సెకనుతో సహా సమయం ఇస్తే ఏ ఇల్లో చెప్పగలం. వారి జాబితాలో పోర్టు లేదు, సమయం గంటల్లో ఉంది. ఆ గంటలో ఆ చిరునామా వెనక బొబ్బిలిలోని కొన్ని వీధులున్నాయి. ఇదీ చెప్పాను. "అయితే వీధులన్నిటి పేర్లూ పంపేయండి" అన్నారు ప్రసాద్ గారు.

నేను బొబ్బిలి చేరేలోపే ప్రధాన కార్యాలయం ఆ వీధుల్లోని చందాదారులందరికీ ఒక మెసేజి పంపింది. సినిమా అక్రమంగా చూసినట్టు వారి మీద ఫిర్యాదు అందిందట, వారు చూసినవాటి వివరాలు న్యాయస్థానానికి అందజేస్తారట. ఇన్ని తప్పులు ఇంత తక్కువ మాటల్లో పట్టించడం కూడా ఒక విద్యే.

ఎరువుల దుకాణం మేడ మీద ఉన్న మా ఆఫీసు నిండా జనం. మెట్ల మీద కూడా జనమే. ముందు నిలబడ్డ తవిటినాయుడు గారనే రైతు నన్ను చూసి, "సూడు బావూ, మీ నెట్టులో నా మనవడి పాఠమే తిరిగి తిరిగి ఆగిపోతాది. మూడు గంటల సినిమా దాంట్లో పూర్తిగా సూసినోడు ఎవుడైనా ఉంటే ఆడ్ని సూపించు, నానే సన్మానం సేత్తాను" అన్నాడు.

"సన్మానం తర్వాత, మావా. ముందు సినిమా బాగున్నాదో నేదో అడుగు" అన్నారు మెట్ల మీంచి ఎవరో.

ఒక ముసలావిడ తన పేర కనెక్షను ఉన్నట్టు ఆ రోజే తెలిసిందని చెప్పింది. ఎవరో రేషను కార్డు జెరాక్సు అడిగితే ఇచ్చిందట, దేనికని అడగలేదట. మా బొబ్బిలి టెక్నీషియను పైడిరాజు ఇరవై ఏళ్లుగా ఆ ఊళ్లోనే పనిచేస్తున్నాడు. అతను, "నీ పేరనున్న నెట్టు గోడవతల మూడిల్లోల్లు వాడతన్నారత్తా" అన్నాడు.

"గోడ మీంచి కూరిస్తాం, పచ్చడిస్తాం. ఇదియ్యకూడదేటి?" అంది ఆవిడ.

నాకు కోపం రావలసింది ఆమె మీద కాదు. చందాదారు అంటే ఒక మనిషి అని ఢిల్లీలో లెక్క. మా ఊళ్లలో చందాదారు అంటే ఒక ఇల్లు, ఒక్కోసారి గోడకు అటూ ఇటూ ఉన్న నాలుగిళ్లు. పేరు మాత్రం ఆ ఇంటి పెద్దది.

జనం పలచబడ్డాక పైడిరాజు నన్ను పక్కకు పిలిచి ఇంకో సంగతి చెప్పాడు. ఏ ఇల్లు ఏ చిరునామా ఎప్పుడు వాడిందో దాచడం లైసెన్సు షరతు. కానీ బొబ్బిలిలో ఏ ఇల్లు ఏ సైటు పేరు అడిగిందో అది కూడా నమోదవుతోంది. నెట్ నెమ్మదిగా ఉందని ఫిర్యాదులొచ్చినప్పుడు కారణం వెతకడానికి ఎప్పుడో పెట్టిన మీట అది. ఎవరు పెట్టమన్నారని అడిగాను.

"ఎవులూ పెట్టమన్నేదు సార్. ఎవులూ తియ్యమన్నేదు."

అంటే న్యాయవాదులు అడిగిన గంగాళం మా దగ్గర నిజంగానే నిండి ఉంది. ఈలోగా జనం గుమిగూడారని తెలిసి ప్రసాద్ గారే ఫోను చేశారు. ఆ నమోదుల చిట్టా, మా భాషలో లాగ్, సంగతి చెప్పగానే, "వెంటనే తుడిచేయండి" అన్నారు. పొద్దున అన్నీ ఇచ్చేయమన్నది ఈయనే. నోటీసు వచ్చాక రికార్డు చెరిపితే సాక్ష్యం చెరిపినట్టేనని, ఆ పని చెయ్యనని చెప్పి ఫోను పెట్టేశాను.

మధ్యాహ్నం సంచీ పట్టుకుని ఒకామె వచ్చింది. ఒక వర్తకుల ఇంటి కోడలు. ఏ వీధో, ఏ వ్యాపారమో రాయను. మెట్ల వైపు ఒకసారి చూసి, కూర్చోకుండానే మాట్లాడింది.

"సినిమా మా ఇంట్లో సూసినామండి. అందరం కూకుని సూసినాం. దానికి పేరిచ్చుకోండి, నాను కాదనను. మిగతాది కూడా రాసెస్తారేటి?"

మా రికార్డులో సైటు పేరే ఉంటుంది గాని లోపల ఏం చూశారో ఉండదని చెప్పాను.

"పేరు సాలు కదండీ" అంది. నిజమే. ఒక ఆసుపత్రి పేరో, ఒక న్యాయవాది పేరో చాలు.

కనెక్షను ఆమె మామగారి పేర ఉంది. ఏ కాగితమొచ్చినా ఆయన చేతికే వెళ్తుంది. ఆయనకు చూపు ఆనదు కాబట్టి భోజనాల దగ్గర అందరి ముందూ పైకి చదివిస్తారు. "అది సదివిన రోజు ఆ ఇంట్లో నా బతుకు అయిపోనాదే" అంది. ఏం చూసిందో చెప్పబోయింది. చెప్పవద్దన్నాను. నాకు తెలిస్తే తెలిసినవారు ఒకరు పెరుగుతారు.

"అయితే సెరిపెయ్యండి బాబూ. మీ సేతిలోదే కదా."

అది నేరమని చెప్పాల్సి వచ్చింది.

"ఇయ్యనంతారు, సెరపనంతారు. మరేటి సేస్తారు?"

సమాధానం రాస్తానన్నాను. రాస్తే ఏమవుతుందని అడిగింది. తెలియదన్నాను. సంగతి తేలాక కబురు చేద్దామంటే మాకున్న ఫోను నంబరు మామగారిదే. అందుకని ఆ లాగ్ పోయిన రోజున ఆఫీసు బయటి బోర్డు మీద అందరికీ కనిపించేలా రాసిపెడతానని చెప్పాను. తలూపి వెళ్లిపోయింది.

ఆ సమాధానానికి దారి చూపింది ఆమె మాటే. సినిమా సంగతి వేరు, మిగతా సంగతి వేరు. ఆ సాయంత్రాలు గ్రంథాలయంలో సివిల్ ప్రొసీజరు వ్యాఖ్యానమూ, గోప్యత ప్రాథమిక హక్కని చెప్పిన తీర్పు సారాంశమూ ముందు పెట్టుకుని రాశాను. పోర్టు, కచ్చితమైన సమయం ఇస్తే ఉత్తర్వు ప్రకారం ఆ ఒక్క చందాదారు పేరు సీలు కవరులో కోర్టుకు ఇస్తాం. వీధులన్నిటి పేర్లూ ఇవ్వలేం, ఉత్తర్వు అడిగింది చిరునామా వాడినవారిని గాని ఇరుగుపొరుగును కాదు. ఏం చూశారన్నది ఉత్తర్వులో లేదు. కావాలంటే కోర్టునే అడగండి, అక్కడ మా మాటా వింటారు. ఉన్న రికార్డును మాత్రం అప్పటిదాకా చెరపకుండా తాళంలో ఉంచుతాం.

ప్రసాద్ గారు దీన్ని కోర్టుకు పంపలేదు. అనవసర జాప్యం చేస్తున్నానని నాకు మెమో ఇచ్చారు. నా సంతకం లేకుండా ఆయన ఏమీ పంపలేరు, ఆయన పంపకుండా నాది కదలదు. గడువు దగ్గరపడింది. చివరికి ఒక ముక్క రాశాను. ఉత్తర్వులో లేని వివరాలు పంపమని తమరు రాతపూర్వకంగా ఆదేశిస్తే, ఆ ఆదేశాన్ని కూడా జతచేసి పంపుతాను అని. దానికి జవాబు రాలేదు. మర్నాడు నా సమాధానం ఉన్నదున్నట్టు ఢిల్లీ వెళ్లింది.

ఆ తర్వాత చాలాకాలం ఢిల్లీ నుంచి కబురు లేదు. సినిమా థియేటర్ల నుంచి పోయింది, డబ్బు కట్టి ఇంట్లో చూసే సేవల్లోకి వచ్చింది. పోర్టు నంబర్లు లేని చిరునామాల విషయం తాము ఇక పట్టుబట్టబోమని ఆ సంస్థ కోర్టుకు చెప్పింది. ఆ కాగితం ప్రతి మాకు వచ్చింది. అంటే నేను గెలవలేదు, వారికి అవసరం తీరింది. ఇక రికార్డు తీసేయడానికి అనుమతి అడిగితే ప్రసాద్ గారు, "ఇప్పుడెందుకండీ, ఉండనివ్వండి, ఎప్పుడైనా పనికొస్తుంది" అన్నారు. ఇచ్చేయమని, తుడిచేయమని, దాచమని, మూడు మాటలూ ఒకే మనిషివి. ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాక అనుమతి వచ్చింది. ఇద్దరు సాక్షుల ముందు దాన్ని తొలగించి, సంతకాలు తీసుకుని, పైడిరాజు చేత ఆ మీట ఆపించాను. నిర్వహణ కోసం ఉంచిన సైట్ల లాగ్ నిబంధనల ప్రకారం తొలగించామని, ఇక ముందు ఉంచబోమని బోర్డు మీద అంటించాం.

కొన్నాళ్లకు పైడిరాజు ఫోనులో, "ఒకావిడ బోర్డు ముందు నిలబడి రెండు సార్లు సదివి, లోపలికి రాకుండా బజారేపు ఎల్లిపోనాది సార్" అన్నాడు. ఆమే అయి ఉండవచ్చు, కాకపోవచ్చు. కనుక్కోమని నేను చెప్పలేదు.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఇది. ఉత్తర్వు ఎంత అడిగితే అంతే ఇవ్వాలి, పైన పెట్టిన ఉత్తరం అడిగినంత కాదు. నోటీసు వచ్చాక చెరపకూడదు. అందుకని అక్కర్లేనిది ముందే పోగుచేయకూడదు. దగ్గర లేనిదాన్ని ఎవరూ అడిగి తీసుకోలేరు.

గ్రంథాలయాధికారి సత్యవతి గారు నా కోసం పక్క శాఖ నుంచి పుస్తకాలు తెప్పించారు. పైడిరాజు అడగకుండానే నిజం చెప్పాడు. సాక్షి సంతకాలు పెట్టిన గౌరీశ్వరి గారు, సింహాచలం గారు ఎండలో విజయనగరం నుంచి వచ్చారు. తవిటినాయుడు గారు ఆ రోజు జనాన్ని నవ్వించి నా పని తేలిక చేశారు. వీరందరికీ కృతజ్ఞతలు. నా సమాధానానికి దారి చూపిన ఆమెకు కూడా. పేరు అడగలేదు కనుక రాయలేను.